అక్క చెవిలోని గొంతు

సెప్టెంబర్ 2, బుధవారం

నిన్నటి ప్రోగ్రాం బాగా జరిగింది. హాలు నిండింది. ఎడమవైపు స్పీకర్ గరగరలాడుతోందని ఆ హాలు వాళ్లకి మూడేళ్లుగా చెబుతున్నాను, ఒక్కడూ చెవిన వేసుకున్న పాపాన పోలేదు. ఎప్పటిలాగే నేనే కింద కూర్చుని వైరు సరిచేసుకున్నాను.

అక్క స్టేజి దిగి వచ్చి అడిగే మాటే అడిగింది. "ఎలా ఉందే?"

"ఎప్పటిలాగే."

సర్దుడు: 35.

సెప్టెంబర్ 4, శుక్రవారం

సర్దుడు అంటే ఏమిటో ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఈ డైరీ బీరువాలో కేబుళ్ల చుట్టల కింద ఉంటుంది. ఈ ఇంట్లో కేబుళ్ల జోలికి వచ్చే ధైర్యం నాకు తప్ప ఎవరికీ లేదు. కాబట్టి ఇక్కడైనా రాస్తాను.

ఫిబ్రవరిలో అక్కకి మెడలో గ్రంథికి ఆపరేషన్ అయింది. కోత మానింది. మాట మామూలుగానే ఉంది. పాటలో కింది స్వరాలు కూడా మామూలే. పైకి వెళ్లినప్పుడు మాత్రం చేరాల్సిన చోటికి వెంట్రుకవాసి కింద ఆగిపోతోంది. ఏప్రిల్‌లో మొదటి ప్రోగ్రాంకి ముందురోజు, రిహార్సల్లో నేనది పట్టుకున్నాను. ఇంకెవరూ పట్టుకోలేదు. అక్క నన్ను చెవులపిల్లి అని ఊరికే పిలవదు. పందొమ్మిదేళ్లుగా సౌండ్ మిక్సర్ ముందు కూర్చుని ఆ ఒక్క గొంతునే వింటున్నాను.

మర్నాడు ఒక పెట్టె తెచ్చి మైకుకీ మిక్సర్‌కీ మధ్య తగిలించాను. స్వరం జారితే ఆ పెట్టె దాన్ని ఎత్తి సరైన చోట కూర్చోబెడుతుంది. ఎంత గట్టిగా ఎత్తాలో చెప్పడానికి సున్నా నుంచి వంద దాకా తిరిగే మీట ఉంది. ఆ రోజు 20 పెట్టాను. ఈ పని మా వృత్తిలో చాలామంది చేసేదే.

చాలామంది చేయనిది కూడా ఒకటి చేశాను. సర్దిన గొంతును హాల్లోకి మాత్రమే కాదు, అక్క పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లోకి కూడా పంపాను. డ్రమ్ములూ గిటార్లూ మోగే స్టేజి మీద పాడేవాళ్లకి తమ గొంతు తమకు వినపడదు. ఇయర్‌ఫోన్‌లోకి నేనేది పంపితే అదే వాళ్ల గొంతు. రెండో పాట మధ్యలో అక్క కళ్లు మూసుకుని నవ్వింది. దిగి వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "వచ్చేసిందే! పూర్తిగా వచ్చేసింది! ఎలా ఉంది?"

"ఎప్పటిలాగే" అన్నాను.

ఆ నవ్వు కోసం చేశాను. అందులో తప్పేముంది.

సెప్టెంబర్ 6, ఆదివారం

పొద్దున్న అక్క నేనుండే మేడ మీదికి పరిగెత్తుకుంటూ వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. చేతిలో ఉత్తరం.

పాత చెక్క హాలును బాగుచేసి మళ్లీ తెరుస్తున్నారట. మూడు వందల సీట్లు. వచ్చే నెల పదిన మొదటి ప్రోగ్రాం. అక్క పాడాలట. పక్కన ఒక్క వయొలిన్. మైకు ఉండదు. స్పీకర్లు ఉండవు. ఆ గోడల గొప్పతనమే వినిపించాలని వాళ్ల పంతం.

"మైకు లేకుండా పాడి ఎన్నేళ్లయిందే! నీకింక ఆ రోజు పనే లేదు. మొదటి వరసలో కాళ్లు చాపుకుని కూర్చో" అంది.

"ఒప్పుకున్నావా?"

"ఫోన్ చేసి ఒప్పుకునే వచ్చాను."

బాగుందక్కా అన్నాను.

సెప్టెంబర్ 7, సోమవారం

రేపు చెబుతాను.

సెప్టెంబర్ 9, బుధవారం

చెప్పలేదు. నిన్న అక్కకి తలనొప్పి. ఈ రోజు బావకి జలుబు. బావ జలుబుకీ దీనికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగకపోతే బాగుండు.

ప్రాక్టీసు గది సర్దుతుంటే డాక్టరు ఇచ్చిన కాగితం దొరికింది. గొంతు వ్యాయామాలు. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా ఊదుతూ స్వరం తీయాలి. రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు. కింద డాక్టరు గీత గీసి మరీ రాసింది: మొదటి సంవత్సరమే ముఖ్యం, తిరిగి వచ్చేది ఆలోపే వస్తుంది.

మార్చిలో అక్క రోజూ ఊదేది. "ఈ వయసులో బుడగలేమిటే నాకు" అని నవ్వుతూనే ఊదేది. ఏప్రిల్ ప్రోగ్రాం తర్వాత మానేసింది. వచ్చేసిన గొంతుకి ఇంకా మందెందుకు అనుకుంది. ఆ కాగితం వెనక వైపు మే నెల పాటల జాబితా రాసుకుంది.

ఇంకొకటి కూడా రాయాలి. జూన్‌లో అక్క ఒకసారి అంది. "ఇంట్లో పాడితే ఎందుకో పైన తేలిపోతోందే. స్టేజి మీద మాత్రం బ్రహ్మాండంగా ఉంటోంది." అప్పుడు చెప్పి ఉండొచ్చు. తలుపు తెరిచి పెట్టినట్టే అడిగింది. నేను ఆ వారమే ప్రాక్టీసు గదికి కొత్త మైకూ ఇయర్‌ఫోన్లూ తెచ్చి, "ఇక్కడ కూడా స్టేజి మీద పాడినట్టే పాడు, అలవాటు తప్పదు" అన్నాను. రెండో పెట్టె టేబుల్ కింద అమర్చాను.

నా చెల్లెలు నా కోసం ఎంత చేస్తుందో అని అక్క ఫోన్‌లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

సెప్టెంబర్ 12, శనివారం

హాలు చూడటానికి వెళ్లాను. అక్కకి చెప్పలేదు.

మేనేజరు నా వయసువాడే, ఆ హాలును తనే కట్టినంత గర్వం. "వెనక వరసలకి వినపడదు, ఒక చిన్న మైకు పెట్టాలి" అన్నాను. నన్ను చివరి వరసలో కూర్చోబెట్టి, స్టేజి మీదికి వెళ్లి, జేబులోంచి కాగితం తీసి నెమ్మదిగా చింపాడు. ప్రతి పోగూ తెగడం వినపడింది. నా ఉద్యోగం ఊడగొట్టడానికే కట్టారు దాన్ని.

"ఏసీ చప్పుడుంది" అన్నాను.

"ఆ రోజు ఆపేస్తాం మేడం."

"కిటికీల్లోంచి రోడ్డు."

"కిటికీలు రెండు పొరలు మేడం."

"జనం దగ్గుతారు."

"దగ్గకుండా నేనెక్కడ ఆపను మేడం?" అని నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఆమె గొంతుకి ఏమైనా ఇబ్బందా?"

"మా అక్క గొంతుకి ఇబ్బందేమిటి!" అని వాడి మీద విరుచుకుపడ్డాను. అరిచిన ప్రతి మాటా చెక్కుచెదరకుండా నాకే తిరిగొచ్చింది. నిజంగానే గొప్ప హాలు.

సెప్టెంబర్ 15, మంగళవారం

ఊరవతల ప్రోగ్రాం. సర్దుడు: 50. పెట్టె పాతబడిందేమో, మునుపటిలా పట్టుకోవడం లేదు.

సెప్టెంబర్ 16, బుధవారం

పెట్టె పాతబడలేదు.

సెప్టెంబర్ 19, శనివారం

వయొలిన్ మాస్టారు రోజుకి పది మాటలకి మించి మాట్లాడరు. అక్క మొదటి ప్రోగ్రాం నుంచీ ఆయనే. ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటే చెవిలో దురద అని పెట్టుకోరు. అక్కకి రెండడుగుల వెనక కూర్చుంటారు. అంటే ఆయన వినేది అక్క అసలు గొంతే, ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాలి.

ఈ రోజు వ్యానులోకి సామాను ఎక్కిస్తుంటే నా పక్కన నిలబడ్డారు.

"నీ పెట్టె బాగా పాడుతోందమ్మాయ్."

చేతిలో స్టాండు జారి కాలి మీద పడింది. అక్క బాధపడుతుందని, డాక్టరు సంవత్సరం అన్నదని, ఈలోపు అదే సర్దుకుంటుందని ఏవేవో చెప్పాను.

"ఎలా సర్దుకుంటుంది? జారుతున్నానని తెలిస్తేగా సర్దుకోవడానికి" అన్నారు. ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ వినలేదు. "చేరలేదని తెలిస్తే గొంతు ఇంకాస్త కష్టపడుతుంది. నువ్వు దానికి చేరావని చెబుతున్నావు. ఏప్రిల్ కంటే ఇప్పుడు ఎక్కువ జారుతోంది, విన్నావా లేదా?"

విన్నాను. 20, 35, 50. నా చేత్తోనే రాస్తున్నాను కదా.

"మీరెందుకు చెప్పలేదు?" అని ఎదురు తిరిగాను.

"నువ్వు చెబుతావని చూశాను. అది నా తప్పు. వచ్చే ఆదివారం దాకా చూస్తాను. తర్వాత నేనే చెబుతాను."

సెప్టెంబర్ 24, గురువారం

హాల్లో రిహార్సల్ శనివారం అనుకున్నారు. నేను మేనేజరుకి ఫోన్ చేసి, అక్కకి కుదరదని చెప్పాను. అక్క దగ్గరికి వెళ్లి, హాల్లో ఇంకా రంగులు వేస్తున్నారు, ఆ వాసనకి గొంతు పాడవుతుందని చెప్పాను. ఇంట్లోనే ప్రాక్టీసు చేద్దామన్నాను. నా గొంతు గురించి నీకున్నంత శ్రద్ధ నాకు లేదే అంది.

అబద్ధం చెప్పడం ఇంత సులువని తెలిస్తే చిన్నప్పుడే మొదలుపెట్టేదాన్ని.

ఈ రోజు ఒక మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను. అక్క బాధపడుతుందని దాచానని అనుకుంటున్నాను. అది పూర్తి నిజం కాదు. అక్క పాడటం ఆపేస్తే నేనేం చేస్తాను? నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు, ఈ గొంతు తప్ప ఇంకోటి తెలియదు. భయపడింది నేను. అక్కని ఒక్కసారి కూడా భయపడనివ్వలేదు, ఆ అవకాశం కూడా నేనే తినేశాను.

సెప్టెంబర్ 27, ఆదివారం

చెప్పాను. చెప్పాను అనడం కూడా అబద్ధమే.

మాస్టారు పదకొండింటికి వస్తానన్నారు. పదింటికి అక్క ప్రాక్టీసు గదిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పదో తారీఖుకి అనుకున్న నాలుగో పాట అందుకుంది. చాలా ఎత్తుకి వెళ్లే పాట. నేను టేబుల్ దగ్గర కూర్చుని, పాట అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. నోటితో చెప్పేకంటే చెవితో వింటే తేలిగ్గా ఉంటుందని. మీట కొంచెం కొంచెం తగ్గిస్తే నెమ్మదిగా అర్థమవుతుందని. శబ్దాలతో బతికే నాలాంటి దానికి అన్నీ మిక్సర్ మీద శబ్దం తగ్గించే ఫేడర్ జరిపినట్టే, నెమ్మదిగా జరుగుతాయని నమ్మకం.

పై స్వరానికి వచ్చేసరికి చెయ్యి జారి మీట ఒక్కసారే సున్నాకి తిరిగింది.

అక్క ఆగిపోయింది. చెయ్యి మెడ మీద కోత దగ్గరికి వెళ్లింది. "ఏమైందే? గొంతుకి ఏమైంది? ఇప్పుడే ఏదో తెగినట్టు..."

ఆ ముఖం చూడలేకపోయాను. భయంతో మీట మళ్లీ పైకి తిప్పేశాను.

అక్క మళ్లీ ఆ వాక్యం పాడి చూసింది. పై స్వరం సరిగ్గా వచ్చి కూర్చుంది. అక్క ఊపిరి వదలబోయి ఆగింది. నా చేతి వైపు చూసింది. చెయ్యి ఇంకా మీట మీదే ఉంది.

ఇయర్‌ఫోన్లు తీసింది. మళ్లీ పాడింది, మామూలు గదిలో, మామూలు గాలిలో. మళ్లీ పెట్టుకుని పాడింది. మళ్లీ తీసి పాడింది. అలా నాలుగుసార్లు. నేను లెక్కపెట్టాను.

"ఎప్పటినుంచి?"

"ఇప్పుడేమీ తెగలేదక్కా. ఏప్రిల్ నుంచి..."

"ఎప్పటిలాగే అన్నావు కదే."

ఇయర్‌ఫోన్లు వైరు చుట్టి, ముడి పడకుండా, నేను నేర్పినట్టే చుట్టి, నా ముందు పెట్టి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మాస్టారు వచ్చి గుమ్మంలో నా ముఖం చూసి, లోపలికి అక్క దగ్గరికి వెళ్లారు.

సెప్టెంబర్ 28, సోమవారం

మాట్లాడలేదు.

సెప్టెంబర్ 29, మంగళవారం

మాట్లాడలేదు. రెండు పెట్టెలూ విప్పి అట్టపెట్టెలో పెట్టేశాను. ఎవరికి చూపించడానికో తెలియదు.

సెప్టెంబర్ 30, బుధవారం

బావ భోజనం పట్టుకుని మేడ మీదికి వచ్చాడు. బావకి పాటంటే ప్రాణం, తాళం మాత్రం పగ. ఆయన చప్పట్లు ఎప్పుడూ పాట అయిపోకముందే మొదలవుతాయి. ముప్పై ఏళ్లుగా అక్క ఆయన్ని ఆఖరి వరసలో కూర్చోబెడుతోంది.

"మరదలా, మీ అక్కాచెల్లెళ్ల మధ్య నేను రాను. కానీ ఒక్కటి చెప్పు. మీ అక్క తెల్లారి లేచిన దగ్గర్నుంచి గ్లాసులో బుడగలు ఊదుతోంది. ఏంటని అడిగితే, గ్లాసు నా నెత్తిన పోసేలా చూసింది. ఆసుపత్రికి తీసుకెళ్లాలా?"

బావ ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి అన్నంలో నీళ్లు పోశాడు, నా గ్లాసనుకుని.

అక్టోబర్ 2, శుక్రవారం

అక్క మెట్ల మీద కనపడింది. పక్కకి తప్పుకోబోయాను, దారి ఇవ్వలేదు.

"ప్రోగ్రాం వద్దని చెప్పేద్దాం అక్కా. నేనే ఫోన్ చేస్తాను, నా ఆరోగ్యం బాలేదని..."

"నా తరఫున నువ్వు నిర్ణయించింది చాలు."

గొంతు పెంచలేదు. నెమ్మదిగా, పాట నేర్పినట్టు మాట్లాడింది.

"అబద్ధం చెప్పావని కాదే నా మంట. నాకోసం చెప్పావు, సరే. డాక్టరు నాకు ఒక్క ఏడాది ఇచ్చింది. అందులో ఆర్నెల్లు నువ్వు మింగేశావు. ఆర్నెల్లు నేను గొంతు వచ్చిందని ఎగురుతూ తిరిగాను. ఆ చప్పట్లు ఎవరికే? నాకా, నీ పెట్టెకా?"

"తప్పయిందక్కా."

"అయింది." ఒక మెట్టు దిగి ఆగింది. "మిగతా పాటలన్నిటికీ మాస్టారూ నేనూ శ్రుతి రెండు మెట్లు కిందికి దించాం. నాలుగోది దించలేదు."

"ఎందుకు? అదే కదా జారేది!"

"అది ఎక్కడ జారుతుందో నాకు నేనుగా వినాలి. నలుగురి ముందయితే దాక్కోలేను." కిందికి వెళ్తూ, "నీతో మాట్లాడాను కదా అని నమ్ముతున్నాననుకోకు" అంది.

అక్టోబర్ 9, శుక్రవారం

పది రోజులుగా కింద నుంచి బుడగల చప్పుడు. రెండుపూటలా. నేను కిందికి వెళ్లడం లేదు. నేల మీద చెవి ఆనించి వింటున్నాను, సిగ్గు లేకుండా.

రేపు.

అక్టోబర్ 11, ఆదివారం

నిన్న మూడో వరసలో కూర్చున్నాను. మొదటి వరసకి మొహం చెల్లలేదు. పందొమ్మిదేళ్లలో అక్క పాడుతుంటే నా చేతుల కింద ఏమీ లేకపోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను.

అక్క వచ్చి నిలబడింది. మైకు స్టాండు పట్టుకునే అలవాటుకి చెయ్యి గాలిలోకి వెళ్లి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. మాస్టారు ఒక స్వరం ఇచ్చారు. ఏసీ నిజంగానే ఆపేశారు.

మొదటి మూడు పాటలూ కింద, హాయిగా. ఆ గొంతును అంత దగ్గరగా, మధ్యలో వైరు లేకుండా, చిన్నప్పుడు ఒకే గదిలో పడుకున్నప్పుడు విన్నాను, మళ్లీ నిన్ననే. పెట్టె దాని అంచులన్నీ అరగదీసిందని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నేను దాన్ని కాపాడుతున్నానని అనుకున్నాను.

నాలుగో పాట. మొదటిసారి పైకి వెళ్లినప్పుడు జారింది. వెంట్రుకవాసి. నా కుడిచెయ్యి మోకాలి మీద దానంతటదే లేని మీట తిప్పింది. పక్కన కూర్చున్నావిడ వింతగా చూసింది. రెండోసారి ఇంకాస్త జారింది, ముందు వరసలో ఒకాయన తల కొంచెం పక్కకి వంచాడు. అంటే విన్నాడు. లేచి పారిపోదామనిపించింది. అక్క కళ్లు మూసుకోలేదు, నవ్వలేదు. ఎక్కడో ఏదో పడిపోతే చీకట్లో తడిమి వెతుకుతున్నట్టు, ప్రతి స్వరాన్నీ వింటూ పాడింది. ఆఖరి వాక్యం అయిపోకముందే వెనక నుంచి బావ చప్పట్లు మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి హాలంతా అందుకుంది.

ప్రోగ్రాం అయ్యాక స్టేజి వెనక గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లాను. మాస్టారు వయొలిన్ తుడుచుకుంటున్నారు. అక్క కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఎలా ఉందే?"

అలవాటైన మాట నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"నాలుగో పాటలో పైన జారావు. రెండుసార్లు."

మాస్టారు తుడవడం ఆపారు. అక్క రెండో చెప్పు కూడా విప్పి, పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది.

"మూడుసార్లు. మూడోది మీ బావ చప్పట్లలో కొట్టుకుపోయింది. నీకు వినపడి ఉండదు. నాకు వినపడింది."

సీసా ఎత్తి సగం నీళ్లు తాగింది. మూత పెడుతూ, "రేపు ఏడింటికి కిందికి రా, చెవులపిల్లీ. ఎక్కడ జారుతున్నానో పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పు. మీ బావని కూర్చోబెడితే ప్రతి బుడగకీ చప్పట్లు కొడుతున్నాడు" అంది.

ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది. ఈ రోజు ఏడుకి పది నిమిషాల ముందే వెళ్లి, గ్లాసులో నీళ్లు పోసి పెట్టాను.